ఆకుకి చిమ్నీ

ఆమోసు గీసిన ఆకుకి చిమ్నీ ఉంది.

చిన్నాచితకా చిమ్నీ కాదు. ఆకు నడుం మీంచి నిటారుగా లేచి, మూతి చుట్టూ ఇనప పట్టీ బిగించుకుని, దర్జాగా నిలబడి ఉంది. కింద వేళ్ల నుంచి నీళ్లు తోడే గొట్టాలు, గాలి లోపలికి రావడానికి తలుపులు, నట్టనడుమ ఎండతో మండే కొలిమి, కొలిమి పక్కన తయారైన చక్కెర. ఒక్కో గొట్టానికీ ఒక్కో బాణం గుర్తు. బాణాలన్నీ అచ్చుపోసినట్టు ఒకే పొడుగు.

ఆదివారం ఆరాధన ముగిసి జనం గొడుగులు వెతుక్కుంటున్న వేళ, జయమణి ఆ కాగితాన్ని చర్చి వరండాలో బల్ల మీద పరిచింది. చాలాసేపు చూసింది. నవ్వు ఆపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గాని, ఆ కొంగు ఏ పనికీ రాలేదు.

"ఏటండీ ఇది? ఆకా, బొగ్గు బట్టీయా?"

"ఆకు ఆహారం తయారుచేసే కార్ఖానా అని పాఠంలో ఉందటండి. పాస్టరుగారు చెప్పారు," అన్నాడు ఆమోసు.

"ఆ పుస్తకం రాసినాయన మన ఊళ్లో ఉండడు కాబట్టి అలా రాసీసేడు."

ఆమె బాధ ఆమెది. పర్సుడీహ్‌లో మిషన్ వాళ్ల తెలుగు బడిలో ఐదో తరగతికి ప్రకృతి పాఠాలు చెబుతుంది. మబ్బులు ఎక్కణ్ణుంచి వస్తాయని అడిగితే, తరగతి తరగతంతా చేతులెత్తి కిటికీలోంచి ఉక్కు కంపెనీ చిమ్నీల్ని చూపించిందట. అందుకే వనమహోత్సవం నాటికి గోడకి కట్టడానికి ఒక పెద్ద బొమ్మ కావాలంటే, పాస్టరుగారు ఆ పని ఆమోసుకి అప్పగించారు. ఆకు ఎండనీ నీళ్లనీ గాలినీ కలిపి చక్కెర ఎలా చేసుకుంటుందో, మనం వదిలిన గాలి తీసుకుని మనకి ప్రాణవాయువు ఎలా తిరిగి ఇస్తుందో, నీరు మబ్బై మళ్లీ నీరెలా అవుతుందో, అన్నీ అందులో ఉండాలి. తీరా ఇప్పుడు ఆకుకి కూడా చిమ్నీ తగిలిస్తే ఇక ఆ పిల్లల్ని దేవుడే కాపాడాలని వాపోయింది.

ఆమోసు తనకి కోపం వచ్చిందేమోనని లోపల వెతుక్కున్నాడు. దొరకలేదు. కోపం ఉండాల్సిన చోట మరేదో ఉంది. దానికి పేరు పెట్టడానికి ధైర్యం చాలక కాగితం చుట్టేశాడు.

అతను కంపెనీ డ్రాయింగ్ ఆఫీసులో ట్రేసరు. ఇంజనీర్లు పెన్సిల్‌తో గీసిన యంత్రాల బొమ్మల్ని నల్ల సిరాతో ఎక్కించడం పని. పొద్దుట్నించి సాయంత్రం దాకా ఒకరి గీత మీద తన గీత పెడుతూ, వెంట్రుకవాసి అటూ ఇటూ కాకుండా బతకడం నేర్చుకున్నాడు. అగ్రికో కాలనీలో ఒక గది, ఒక సైకిలు, ఒక స్టవ్వు. మనసు కూడా అలాగే, ఎవరి గీత మీదో గీసుకున్నట్టు శుభ్రంగా ఉండేది. దాన్ని దూరంగా పెట్టి చూసుకోవడం అతనికి అలవాటు. తనకి దుఃఖం వచ్చినా, ఓహో, ఇది దుఃఖం కాబోలు అని ముందు పరీక్షగా చూసి, తర్వాత బాధపడేవాడు.

ఏర్పాటు ఏమిటంటే, బుధవారం సాయంత్రం అతను బొమ్మ తెచ్చి జయమణి ఇంట్లో ఇవ్వాలి. ఆమె తీరిగ్గా చూసి గుర్తులు పెడుతుంది. శనివారం మధ్యాహ్నం వచ్చి పట్టుకుపోవాలి. అలా అగ్రికో నుంచి జుగ్సలాయి గోదాముల సందుల్లో లారీలను తప్పించుకుంటూ, రైలు పట్టాలు దాటి, పర్సుడీహ్ దాకా వారానికి రెండుసార్లు తొక్కడం మొదలైంది. వానాకాలం. ఒక చేత్తో హ్యాండిలు, ఒక చేత్తో మైనపు గుడ్డలో చుట్టిన బొమ్మ. తను తడిసినా బొమ్మ తడవకూడదు.

రెండోసారి బొమ్మలో చిమ్నీ లేదు. ఆకు ఆకులాగే ఉంది. మొక్క పెరిగింది, కాయ కాసింది, ఆకు రాలింది. అక్కడితో బొమ్మ అయిపోయింది. మామూలు పెన్సిల్‌తో అంచున జయమణి ఒక ప్రశ్న రాసి పెట్టింది. రాలిన ఆకు ఎక్కడికి పోతుంది?

ఆ ప్రశ్న అతనితో పాటు సైకిలెక్కింది. అతను ఎక్కించే బొమ్మల్లో సరుకు ఒకవైపు నుంచి వస్తుంది, ఇంకోవైపు గేటు దాటి వెళ్లిపోతుంది. వెళ్లినదాని గురించి ఎవరూ అడగరు. జుగ్సలాయి రోడ్డు మీద పాత ఇనుము తుక్కు వేసుకుని కంపెనీవైపు పోతున్న లారీ ఎదురైంది. విరిగిన పట్టాలు, తుప్పు పట్టిన మేకులు, ఎవరివో చట్రాలు, అన్నీ మళ్లీ కొలిమిలోకే. ఆ లారీ వెనక కాసేపు ఆగిపోయాడు. ఆ వారం రాలిన ఆకు మట్టిలోకి, మట్టి నుంచి వేరులోకి, వేరు నుంచి మళ్లీ ఆకులోకి గీత తిరిగింది. బొమ్మ గుండ్రమైంది.

గుండ్రమైన బొమ్మకి మధ్యమధ్య ఖాళీలు మిగిలాయి. అక్కడే అతని చెయ్యి ఒక విచిత్రం చేసింది. ఎవరూ చెప్పకుండా, ఎవరి గీతా కింద లేకుండా, కాండం మీద చక్కెర పలుకు మోసుకుపోతున్న చీమని గీసింది. అడుగు కొమ్మకి మెడ సాచిన మేకని గీసింది. చెట్టు కింద కూర్చుని ఆకుల విస్తరి కుడుతున్న ముసలమ్మని గీసింది. ఆమోసు ఆ చేతిని కొంచెం అనుమానంగా చూసుకున్నాడు. కొత్తగా అద్దెకి దిగినవాణ్ణి చూసినట్టు.

శనివారం కాగితం విప్పితే చీమ చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో ఒక సున్నా. మేక చుట్టూ ఒకటి. ముసలమ్మ చుట్టూ ఒకటి. వేరే ఎక్కడా ఏమీ లేదు.

ఆఫీసులో బొమ్మలు సరిచూసే బలరామ్ దగ్గర రెండు పెన్సిళ్లు ఉంటాయి. గీత ఒప్పైతే దాని మీద పసుపు రాస్తాడు. తప్పైతే ఎర్రగా సున్నా చుడతాడు. పసుపు పడ్డది ఉండాలి, ఎర్ర సున్నా పడ్డది పోవాలి. ఎందుకని అడిగే ఆచారం లేదు. అడిగినవాడు ట్రేసరుగా ఎక్కువకాలం ఉండడు.

ఆమోసు అడగలేదు. గదికి వెళ్లి సగం బ్లేడుతో చీమని గోకేశాడు. మేకని గోకేశాడు. ముసలమ్మ చేతిలో విస్తరి దగ్గర మాత్రం బ్లేడు కొంచెం ఆగింది. అయినా పోనిచ్చాడు. తప్పు దిద్దుకున్నప్పుడు కలిగే తృప్తి అతనికి బాగా తెలుసు. ఈసారి అది రాలేదు. దాని బదులు, నీకు ఇలా జరగడమే సబబు అని లోపల ఎవరో నెమ్మదిగా అన్నట్టయింది. ఆ గొంతు చిన్నప్పటి నుంచీ ఎరిగినదే కావడంతో, దానితో వాదించలేదు.

బుధవారం జయమణి బొమ్మ విప్పి, ఏదో వెతికింది. ఆమె ముఖంలో దీపం తగ్గించినట్టయింది. మేక ఏదని అడిగింది.

"తీసేశానండి. పూర్తిగా పోయింది, జాడ కూడా లేదు," అన్నాడతను, కొంచెం గర్వంగానే.

"అచ్ఛా," అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

టీ తండ్రి తెచ్చాడు. జోజి రోలింగ్ మిల్లులో క్రేను డ్రైవరు. పగలంతా నలభై అడుగుల ఎత్తున ఒంటరిగా కూర్చుని, కిందికి దిగాక ఎవరు దొరికితే వాళ్లతో పోగుపడిన మాటలన్నీ ఆడేస్తాడు. భార్య పోయి చాలాకాలమైంది. ఉన్నది ఒక్క కూతురే. ఆ సాయంత్రం అతను ఖరగ్‌పూర్ సంబంధం గురించి చెప్పాడు. కుర్రాడు లోకోషెడ్డులో ఫిట్టరు, పాటలు బాగా పాడతాడు, వనమహోత్సవం వెళ్లిన ఆదివారం పిల్లని చూసుకోవడానికి వస్తారు.

"పిల్ల మాత్రం ఔనని అనదు, కాదని అనదు. బొమ్మ అయ్యేక చెప్తానంతంది. నీ బొమ్మ ఎప్పుడవుద్ది బాబూ?"

ఆమోసుకి టీ పొలమారింది. త్వరలో అయిపోతుందని చెప్పాడు.

అప్పటిదాకా అతనికి ఒక్కటే భయం. బొమ్మ అయిపోతే ఈ ఇంటికి రావడానికి తనకి పనుండదు. ఇప్పుడు దాని పక్కన ఇంకొకటి వచ్చి కూర్చుంది. బొమ్మ అయిపోతే ఆమె జవాబు చెప్పేస్తుంది. బహుశా అందుకే, ఈ చేతకాని బొమ్మ ఎప్పుడు తెములుతుందా అని చూస్తోంది. తిరిగి వెళ్తుంటే పట్టాల దగ్గర ఖరగ్‌పూర్ వైపు పోయే బండి అడ్డం వచ్చింది. బండి పొడుగెంతో లెక్కపెట్టాలనిపించలేదు. ఆ ఊరికి ఇన్ని బోగీలు దేనికో అర్థం కాలేదు.

ఆ తర్వాతి వారాల్లో చెయ్యి ఇంకా తెగించింది. వేళ్ల దగ్గర వానపాము, మబ్బు కింద ఆరేసిన బట్టలు తీస్తున్న ఆడమనిషి, గొడుగు గాలికి తిరగబడిన పోస్టుమేను. ఆమె ప్రతిదానికీ ఎర్ర సున్నా చుట్టింది. అతను ప్రతిదాన్నీ గోకేశాడు. ఆమె మాటలు తగ్గాయి. అతని భయం పెరిగింది. చివరికి బొమ్మలో ఒకే ఒక ఖాళీ మిగిలింది, చెట్టు నీడలో.

ఒక సాయంత్రం ఆ ఖాళీలో ఒక అమ్మాయి వచ్చి నిలబడింది. చుట్టూ పిల్లలు. చంకలో గొడుగు. తల కొంచెం పక్కకి వంచి, నవ్వు ఆపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గీయడం అయ్యాక గాని ఆమోసు ఆ మనిషిని గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక చాలాసేపు లేవలేదు. నోటితో చెప్పలేనిది చెయ్యి చెప్పేసింది. బాగానే ఉంది. ఇక జవాబు ఆమె ఇస్తుంది.

ఇచ్చింది. శనివారం ఆ అమ్మాయి చుట్టూ ఎర్ర సున్నా, ఒకసారి కాదు, పెన్సిల్ మళ్లీమళ్లీ తిప్పినట్టు దళసరిగా ఉంది. ఆ ఒత్తిడికి ములికి విరిగి, ఒక ఎర్రటి నలుసు కాగితంలో ఇరుక్కుపోయింది.

ఇంతకన్నా స్పష్టంగా ఎవరైనా కాదంటారా అనుకున్నాడు. ఆ రాత్రి గోకలేదు. బుధవారం కూడా పర్సుడీహ్ వెళ్లలేదు. శుక్రవారం పొద్దున్న, వెలుతురు బాగా ఉన్నప్పుడు, చీర అంచు నుంచి మొదలుపెట్టాడు. పాదాలు పోయాయి. గొడుగు పోయింది. ముఖం దగ్గరికి వచ్చేసరికి బ్లేడు మొండిదైందని కొత్తది తీశాడు. కొత్త బ్లేడుతో ముఖం కూడా తీసేశాడు.

మర్నాడు కుండపోత. సోమవారమే వనమహోత్సవం. బొమ్మ ఇచ్చేసి గుమ్మంలోంచే తిరిగి వచ్చేద్దామనుకుని బయల్దేరాడు. కాని అంతలా తడిసిన మనిషిని గుమ్మంలోంచి ఎవరు పంపిస్తారు? జయమణి తువ్వాలు ఇచ్చింది. బుధవారం ఎందుకు రాలేదని అడగలేదు. చాప మీద బొమ్మ విప్పి, తిన్నగా చెట్టు నీడలోకి చూసింది.

అక్కడ ఎవరూ లేరు.

ఆమె కాగితం మీద అరచెయ్యి పెట్టి, ఆ ఖాళీని తడిమింది.

"దీన్ని కూడా తీసీసేరా?"

"మీరు సున్నా చుట్టారు కదండీ."

"అయితే?"

"ఎర్ర సున్నా అండి. తీసెయ్యమనే కదా."

ఆమె తలెత్తి అతన్ని చూసింది. అర్థమవుతున్న కొద్దీ ఆ చూపు పెద్దదైంది.

"ఎవులు చెప్పేరు మీకు, ఎర్ర సున్నా అంటే తీసెయ్యమని?"

అతను బలరామ్ గురించి, రెండు పెన్సిళ్ల గురించి చెప్పాడు. చెబుతుంటేనే తన గొంతు తనకి వింతగా వినిపించసాగింది. మధ్యలో ఆగిపోయాడు. జయమణి బల్ల మీద ఉన్న పిల్లల పరీక్ష కాగితాల కట్ట తెచ్చి అతని ఒళ్లో పడేసింది. ప్రతి కాగితంలోనూ ఒక మంచి వాక్యం చుట్టూనో, ముచ్చటైన అక్షరం చుట్టూనో ఎర్ర సున్నా. ఆ సున్నా పడ్డ పిల్లలు కాగితం ఇంట్లోవాళ్లకి చూపించుకోవడానికి బడి నుంచి పరిగెత్తుకుపోతారట.

"నాకు నచ్చినవాటికి చుట్టేను. నచ్చిందల్లా మీరు తీసెత్తా ఉంటే, నాకు నచ్చడమే మీకు గిట్టడం లేదనుకున్నాను. మేక పోయినప్పుడు అన్నం తినబుద్ధి కాలేదు తెలుసా?"

ఆమోసుకి ఏం చెయ్యాలో తెలియలేదు. నవ్వు వస్తోంది, కన్నీళ్లూ వస్తున్నాయి. ఏది ముందు వస్తుందో అలవాటు ప్రకారం పరీక్షగా చూద్దామనుకున్నాడు. చూసే తీరిక దొరకలేదు. రెండూ ఒకేసారి వచ్చేశాయి.

జయమణి కాగితాన్ని రెండు చేతులా పట్టి కిటికీకి ఎదురుగా ఎత్తింది. బయట వాన కొంచెం తెరిపిచ్చింది. బ్లేడు తగిలినచోటల్లా కాగితం పొరలా పలచబడింది. అక్కడల్లా వెలుతురు ఇవతలికి వస్తోంది. చీమ ఉన్నచోట ఒక చుక్క, మేక ఉన్నచోట ఒక మరక, ముసలమ్మ, పోస్టుమేను, చెట్టు నీడలో నిలువెత్తున ఒక వెలుగు. తీసేసినవాళ్లంతా అక్కడే ఉన్నారు. సిరా నలుపు మధ్య వాళ్లే మెరుస్తున్నారు.

ఇద్దరూ ఆ కాగితం కింద, పందిరి కింద నిలబడ్డట్టు నిలబడ్డారు.

"ఒకటి అడుగుతాను," అంది ఆమె, అటే చూస్తూ. "నన్నెందుకు గీసేరు?"

"ఆ చోటు ఖాళీగా ఉంచబుద్ధి కాలేదండి."

"ఖాళీ ఉంటే చెట్టు గియ్యొచ్చు. రాయి గియ్యొచ్చు."

"బొమ్మ అయిపోతే నాకిక్కడికి రావడానికి పనుండదు. మొదటి బుధవారం నుంచీ అదే బెంగ. అనడం చేతకాక గీశాను. మీరు వద్దన్నారనుకుని, తీసేశాను. తీసేశాక గదిలో ఉండలేకపోయానండి."

జయమణి ఎత్తిన కాగితం దించలేదు.

గుమ్మంలో గొడుగు దులిపిన చప్పుడైంది. పొద్దుటి షిఫ్టు దిగిన జోజి అక్కడ ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. ఇద్దరూ ఉలిక్కిపడి చెరో పక్కకి జరిగారు. అతను తొందరపడలేదు. చెప్పులు విడిచి, తల తుడుచుకుని, పీట లాక్కుని కూర్చున్నాడు.

"నాను క్రేను మీదుంతాను. కింద ఎవుడేటన్నా నాకినబడదు. మిల్లు రొదలో దేవుడరిసినా ఇనబడదు. కిందోడి చేతులు సూసి ఎత్తుతాను, చేతులు సూసి దించుతాను. ముప్ఫయ్యేళ్ల బట్టీ అదే పని." కూతురి వైపు చూశాడు. "బుధారం వచ్చిందంటే ఈ పిల్ల పొద్దున్నే ఎర్ర పెన్సిల్ చెక్కుతాది. మొన్న బుధారం సెక్కీసి, సెక్కీసి, ఇంత ముక్కకి తెచ్చీసింది. నువ్వు రానేదు. ఇంకేటి నాకు సెప్పక్కర్లేదు."

ఆమోసు తల వంచుకున్నాడు. తను గీతలన్నీ చూశాడు గాని ఆ చేతుల్ని ఒక్కసారైనా చూడలేదు.

"అయితే ఒకటి బాబూ," అన్నాడు జోజి. "క్రేను మీదున్నోడికి చెయ్యి చాలు. ఆడపిల్ల తండ్రికి చాలదు. నోటితో చెప్పు. మా పిల్ల నీకు కావాలా?"

ఆమోసు ఇంతవరకు ఎవరినీ ఏదీ కావాలని అడగలేదు. ఆ మాట తన నోట్లో ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది.

"కావాలండి," అన్నాడు. అంత చిన్న మాటకి అంత ఊపిరి పడుతుందని అతనికి తెలియదు.

"నువ్వేటంతావే?"

ఇబ్బంది వచ్చినప్పుడల్లా హిందీలోకి దూరిపోవడం జయమణికి అలవాటు. "పూఛ్నా క్యా హై, నాన్నా," అని బొమ్మని మొహానికి అడ్డం పెట్టుకుంది. అడగడానికేముందట. వెలుతురు పడే చోట్లలోంచి ఆమె నవ్వు తెలుస్తూనే ఉంది.

ఖరగ్‌పూర్ వాళ్లకి రేపే కబురు చెబుతానన్నాడు జోజి. పాటలు పాడే అల్లుడు చేజారాడని ఒక్క నిట్టూర్పు మాత్రం విడిచి, నీకు పాట వచ్చునా అని ఆమోసుని అడిగాడు. రాదని తెలిశాక, పోనీలెమ్మని టీ పెట్టడానికి లేచాడు.

గోకిన కాగితం మీద మళ్లీ సిరా పెడితే పాకిపోతుంది. అందుకని ఆదివారం ఆరాధన కాగానే అదే చాప మీద కొత్త కాగితం పరిచారు. ఆమోసు నల్లగీతలు వేశాడు, జయమణి రంగులు నింపింది. చీమ, మేక, ముసలమ్మ, వానపాము, అందరూ తిరిగొచ్చారు. పోస్టుమేను గొడుగు ఎంతవరకు తిరగబడాలన్న విషయంలో పెద్ద వాదం జరిగింది. జోజి తీర్పు చెప్పబోతే ఇద్దరూ ఒక్కటై అతన్ని వంటింట్లోకి పంపించేశారు. చెట్టు నీడలో అమ్మాయిని గీస్తున్నప్పుడు జయమణి కదలకుండా ఎదురుగా కూర్చుంది. ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు.

సోమవారం బడి గోడకి బొమ్మ ఎక్కింది. ఆమోసు సగం రోజు సెలవు పెట్టి వచ్చాడు. పిల్లలు ముందు ఆకుని చూడలేదు, చక్కెరని చూడలేదు. పోస్టుమేనుని చూసి విరగబడి నవ్వి, మేకని చూసి, దాని మెడ వెంటే కొమ్మ మీదికి, కొమ్మ మీంచి ఆకులోకి వెళ్లారు. అక్కణ్ణుంచి పాఠం దానంతటదే మొదలైంది. బయట గోతుల్లో మొక్కలు నాటారు. వాన మళ్లీ పట్టుకుంది.

జయమణి గొడుగు పట్టుకుని గేటు దాకా వచ్చింది. పెళ్లి మాటలు పెద్దవాళ్లు మాట్లాడుకుంటారు, పాస్టరుగారితో చెప్పాలి, రోజులు పడుతుంది. అవన్నీ ఇద్దరికీ తెలుసు. అయినా సైకిలు తాళం తీసి అతను అక్కడే నిలబడిపోయాడు.

"బుధవారం వత్తారా?" అందామె.

"బొమ్మ అయిపోయింది కదండీ. ఏం పని మీద రమ్మంటారు?"

"పనేటీ లేదు. ఊరికే రండి."

ఊరికే ఎక్కడికైనా వెళ్లడం అతని జీవితంలో ఎన్నడూ లేదు. ఆ రెండు రోజులూ ఆఫీసులో గీతలు గీస్తూ, ఊరికే వెళ్లే మనిషి ఎలా ఉంటాడు, ఏం తొడుక్కుంటాడు, గుమ్మంలో మొదట ఏమంటాడు అని ఆలోచించాడు. బుధవారం సాయంత్రం ఆ గుమ్మంలో నిలబడి, ఆలోచించినదంతా మరిచిపోయి, "వచ్చానండి," అన్నాడు.

"రండి," అంది జయమణి.